బొందితో నక్షత్రలోకానికి వెళ్ళగలమా?

1969 జులైలో మనిషి చంద్రుడి మీద కాలు పెట్టాడు. ఆ తర్వాత అంగారకుడి మీద యంత్రాలను దింపాం. ప్లూటో పక్కనుంచి ఒక నౌకను నడిపాం. 2023 ఆగస్టులో మన చంద్రయాన్-3 చంద్రుడి దక్షిణ ధ్రువ ప్రాంతానికి దగ్గర్లో దిగింది. ఇదంతా చూశాక ఎవరికైనా ఒక ప్రశ్న రాక తప్పదు. ఇన్ని చేసిన మనిషి ఎప్పటికైనా ఇంకో నక్షత్రం దాకా వెళ్ళగలడా? యంత్రాన్ని పంపించడం సంగతి కాదు, తాను బొందితో వెళ్ళడం సంగతి.

సినిమాల్లో ఇది చాలా సులువు. మీట నొక్కితే నౌక మాయమై ఇంకో లోకంలో తేలుతుంది. మనం ఆ ఊహల్ని కాసేపు పక్కన బెట్టి, ఇంటర్మీడియట్‌లో చదువుకున్న ఫిజిక్సుతో, కాస్త గుణకార భాగహారాలతో ఈ ప్రశ్నను పరిశీలిద్దాం. "మనిషి తలచుకుంటే ఏదైనా సాధిస్తాడు" అనడం ఎంత తొందరపాటో, "అదంతా వట్టి మాట" అనడమూ అంతే తొందరపాటు.

దూరం ఎంత?

సూర్యుణ్ణి వదిలేస్తే మనకు అన్నిటికన్నా దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ. అది 4.24 కాంతి సంవత్సరాల దూరంలో వుంది. సెకనుకు సుమారు 3 లక్షల కి.మీ. పోయే కాంతి ఒక ఏడాదిలో 9.46 లక్షల కోట్ల కి.మీ. వెళ్తుంది. ఆ లెక్కన ప్రాక్సిమా దాదాపు 40 లక్షల కోట్ల కి.మీ. అవతల వుంది. ఈ అంకె నోటికి వస్తుందే గాని బుర్రకెక్కదు. అందుకని దూరాన్ని కుదించి చూద్దాం.

భూమికీ సూర్యుడికీ మధ్యనున్న 15 కోట్ల కి.మీ. దూరాన్ని ఒక మీటరు అనుకోండి. సూర్యుణ్ణి హైదరాబాదులో ఒకచోట పెడదాం. భూమి అక్కడికి ఒక మీటరులో వుంటుంది. గ్రహాల్లో చివరిదైన నెప్ట్యూన్ 30 మీటర్లలో వుంటుంది. చంద్రుడు భూమికి రెండున్నర మిల్లీమీటర్ల దూరంలో వుంటాడు. మరి ప్రాక్సిమా? 268 కి.మీ. దూరాన, అంటే రోడ్డు లెక్కన చూస్తే ఇంచుమించు విజయవాడలో!

మనిషి స్వయంగా వెళ్ళి వచ్చినది ఆ రెండున్నర మిల్లీమీటర్లే. 1977 సెప్టెంబరులో బయలుదేరిన వాయేజర్-1 దాదాపు అర్ధ శతాబ్దం పాటు ఆగకుండా పరుగెత్తి, ఈ కొలతలో 170 మీటర్లు వెళ్ళింది. విజయవాడకని బయలుదేరినవాడు ఇంకా వీధి మలుపు దాటలేదన్నమాట.

ప్రాక్సిమా మామూలు కంటికి కనిపించదు. 1915లో రాబర్ట్ ఇన్నెస్ దక్షిణాఫ్రికా నుంచి దాన్ని కనిపెట్టాడు. కాని దాని తోబుట్టువులైన ఆల్ఫా సెంటారీ జంట మనకు చక్కగా కనిపిస్తుంది. మే, జూన్ నెలల్లో రాత్రి పది దాటాక దక్షిణ దిక్కుకు తిరిగి నిలబడండి. దిగంతానికి కాస్త పైన శిలువ ఆకారంలో నాలుగు చుక్కలుంటాయి. వాటికి ఎడమవైపు రెండు ప్రకాశవంతమైన చుక్కల్లో దూరంగా వున్నది ఆల్ఫా సెంటారీ. అది ఒకటి కాదు, రెండని 1689లో గుర్తించిన వ్యక్తి మన పుదుచ్చేరిలో తోకచుక్కను పరిశీలిస్తున్న ఫాదర్ రిషో అనే ఫ్రెంచి మతాచార్యుడు. దాని దూరాన్ని 1832-33లో థామస్ హెండర్సన్ దక్షిణాఫ్రికాలో చేసిన కొలతలతో లెక్కగట్టి 1839లో ప్రకటించాడు.

పక్కనున్న ఆ శిలువ ఆకారాన్నే మనవాళ్ళు త్రిశంకు అన్నారు. బొందితో స్వర్గానికి పోతానని పట్టుబట్టిన రాజు త్రిశంకు. విశ్వామిత్రుడు తన తపశ్శక్తి ధారపోసి పైకి పంపాడు. అక్కడ చేరనివ్వలేదు, ఇక్కడికి దిగలేదు. తలకిందులుగా మధ్యలో నిలిచిపోయాడు. మన పురాణకర్తలకు రాకెట్లు తెలుసునని చెప్పడం నా ఉద్దేశ్యం కాదు. కాని ఆ కథలో మూడు మాటలున్నాయి: వెళ్ళాలనే కోరిక, దానికి కావలసిన అపారమైన శక్తి, మధ్యలో చిక్కుకుపోయే ప్రమాదం. మన లెక్కల్లోనూ చివరికి ఈ మూడే తేలతాయి.

మన దగ్గరున్న వేగం

వాయేజర్-1 వేగం సెకనుకు సుమారు 17 కి.మీ. అది ప్రాక్సిమా వైపు పోవడం లేదు గాని, పోయిందనుకుంటే చేరడానికి 75 వేల యేళ్ళు పడుతుంది. 75 వేల యేళ్ళ క్రితం మనిషికి వ్యవసాయం తెలియదు. 1969 మేలో అపోలో-10లో తిరిగి వస్తున్న ముగ్గురు వ్యోమగాములు గంటకు 39,897 కి.మీ. వేగాన్ని అందుకున్నారు. అంటే సెకనుకు 11 కి.మీ. ఆ వేగంతో అయితే లక్షా 15 వేల యేళ్ళు. 2024 డిసెంబరు 24న పార్కర్ నౌక సూర్యుడికి అతి సమీపంగా పోతూ సెకనుకు 192 కి.మీ. వేగం అందుకుంది. ఆ వేగమే వున్నా 6,600 యేళ్ళు కావాలి. పైగా అది సూర్యుడి ఆకర్షణలో పడుతూ సంపాదించిన వేగం. బావిలోకి జారే రాయి వేగం లాంటిది. పైకి వచ్చేటప్పుడు దాన్ని తిరిగి చెల్లించాల్సిందే.

మనిషి ఒక జీవితకాలంలో ప్రాక్సిమా చేరాలంటే కాంతి వేగంలో కనీసం పదో వంతు, అంటే సెకనుకు 30,000 కి.మీ. వుండాలి. అప్పుడు ప్రయాణం 42 యేళ్ళు. ఇరవై రెండో యేట డిగ్రీ పుచ్చుకుని బయలుదేరినవాడు అరవై నాలుగో యేట చేరతాడు. తిరుగు ప్రయాణం మాట మర్చిపోవాలి.

ఎద్దులు, గడ్డి, బండి

మరి ఆ వేగం ఎలా తేవాలి? ఇక్కడొక చిక్కుంది. రాకెట్టు తన ఇంధనాన్ని తానే మోసుకుపోవాలి. ఒక ఎడ్లబండి మీద దూర ప్రయాణానికి బయలుదేరామనుకోండి. దారిలో గడ్డి దొరకదు. కాబట్టి ప్రయాణానికి సరిపడా గడ్డిని బండి మీదే వేసుకోవాలి. ఆ గడ్డి బరువు లాగడానికి ఇంకో రెండెద్దులు కావాలి. వాటికి ఇంకా గడ్డి కావాలి. ఈ లెక్క ఎక్కడ తెగుతుంది?

దీన్ని 1903లో రష్యను ఉపాధ్యాయుడు సియోల్కోవ్‌స్కీ ఒక సూత్రంలో పెట్టాడు. రాకెట్టు వెనక నుంచి వాయువు ఎంత వేగంతో పోతుందో అంతే వేగం రాకెట్టుకు కావాలంటే, చివరికి మిగిలే ప్రతి టన్నుకీ బయలుదేరేటప్పుడు 2.7 టన్నులుండాలి. దానికి రెట్టింపు వేగానికి 7.4 టన్నులు. పది రెట్ల వేగానికి 22 వేల టన్నులు!

ద్రవ హైడ్రోజను, ద్రవ ఆక్సిజను మండించే మంచి రాకెట్టులో వాయువు వేగం సెకనుకు సుమారు 4.5 కి.మీ. మనకు కావలసిన 30,000 కి.మీ. వేగం దానికి 6,667 రెట్లు. అప్పుడు ఒక టన్నును పంపడానికి కావలసిన ఇంధనం ఎన్ని టన్నులో తెలుసా? ఒకటి వేసి పక్కన 2,895 సున్నాలు పెట్టాలి. మనం చూడగల విశ్వం మొత్తంలో వున్న పరమాణువుల సంఖ్యకే దాదాపు 80 సున్నాలు చాలు. కాబట్టి మామూలు రాకెట్టు దారి మూసుకుపోయింది. దాన్ని మూసింది ఇంజనీర్ల చేతగానితనం కాదు, గణితం.

ఇంధనాన్ని మోసే గొడవ లేదనుకున్నా శక్తి గొడవ వుంది. 60 కిలోల మనిషి ఒక్కడికి, ఓడ లేకుండా, ఉత్త శరీరానికి కాంతి వేగంలో పదో వంతు రావాలంటే సుమారు 750 కోట్ల యూనిట్ల విద్యుత్తుతో సమానమైన శక్తి కావాలి. నాగార్జునసాగర్ ప్రధాన జలవిద్యుత్ కేంద్రం సామర్థ్యం సుమారు 816 మెగావాట్లు. అది ఏడాది పొడుగునా రేయింబవళ్ళు పూర్తి సామర్థ్యంతో నడిచిందనుకున్నా వచ్చేది 715 కోట్ల యూనిట్లే. ఇది వేగం అందుకోవడానికి మాత్రమే. అక్కడికి పోయాక ఆగాలంటే మళ్ళీ అంత శక్తీ కావాలి.

ఇతర దారులు

శాస్త్రజ్ఞులు ఇంతటితో చేతులు ముడుచుకు కూచోలేదు. 1973-78 మధ్య బ్రిటిష్ ఇంటర్‌ప్లానెటరీ సొసైటీ వారు డేడలస్ అనే నౌకకు కాగితం మీద పూర్తి నమూనా తయారుచేశారు. సూర్యుడిలో జరిగే కేంద్రక సంలీనమే దాని ఇంజను. బరువు 54 వేల టన్నులు. అందులో 50 వేల టన్నులు ఇంధనమే. కాంతి వేగంలో 12 శాతం అందుకుని, సుమారు 6 కాంతి సంవత్సరాల దూరంలో వున్న బార్నార్డ్ నక్షత్రాన్ని 50 యేళ్ళలో చేరాలి. అందులో మనిషి లేడు. ఆగే ఏర్పాటూ లేదు. అర్ధ శతాబ్దం ప్రయాణించి, ఆ నక్షత్రాన్ని రైలు కిటికీలోంచి చిన్న స్టేషన్ను చూసినట్టు చూసి ముందుకు పోవడమే. ఇంధనానికి కావలసిన హీలియం-3ని గురుగ్రహం వాతావరణం నుంచి తోడి తెచ్చుకోవాలన్నారు. భూమి మీద సంలీనంతో విద్యుత్తు తీసే కేంద్రమే ఇంకా రాలేదు.

రెండో దారి తెరచాప. ఇంధనాన్ని ఇంటిదగ్గరే వుంచి, వెలుగుతో చాపను నెట్టడం. వెలుగుకు ఒత్తిడి వుందనేది కల్పన కాదు. 2010లో జపాను వారి ఇకారోస్ నౌక సూర్యకాంతి ఒత్తిడితో నడవవచ్చని అంతరిక్షంలో చూపించింది. 2016 ఏప్రిల్‌లో స్టార్‌షాట్ అనే పథకం ప్రకటించారు. భూమి మీద 100 గిగావాట్ల లేజరుతో గ్రాముల బరువున్న పరికరాన్ని నెట్టి, కాంతి వేగంలో 20 శాతంతో ఇరవై యేళ్ళ పైచిలుకులో ఆల్ఫా సెంటారీ చేర్చాలని ఆలోచన. అది ఆచరణ దాకా రాలేదు. వచ్చినా వెళ్ళేది తపాలా బిళ్ళంత పరికరం. మనిషి కాదు.

ఐన్‌స్టీన్ చేసే సాయం

"వేగంగా పోయేవాడికి కాలం నెమ్మదిస్తుంది కదా, మరి చిక్కేమిటి?" అని ఫిజిక్సు విద్యార్థులు అడగొచ్చు. నిజమే. రైవత మహారాజు కూతుర్ని వెంటబెట్టుకుని బ్రహ్మలోకం పోయి కాసేపు కూచుని వచ్చేసరికి ఇక్కడ యుగాలు దొర్లిపోయాయని కథ. సాపేక్ష సిద్ధాంతం ప్రకారం అలాంటిది జరగడానికి వీలుంది.

అయితే ఎంత వేగానికి? కాంతి వేగంలో పదో వంతు దగ్గర ఈ లాభం నూటికి అర మాత్రమే. 42 యేళ్ళ ప్రయాణంలో కలిసొచ్చేది రెండున్నర నెలలు. అదే కాంతి వేగంలో 99 శాతంతో పోతే, భూమి మీద నాలుగేళ్ళ మూడు నెలలు గడిచేలోగా ఓడలో ఏడు నెలల పైచిలుకే గడుస్తుంది. బాగానే వుంది. కాని ఆ వేగానికి 60 కిలోల ఒక్క మనిషికి కావలసిన శక్తి ప్రపంచమంతా దాదాపు మూడున్నర నెలలపాటు ఉత్పత్తి చేసే విద్యుత్తుతో సమానం. కాలాన్ని ఆదా చేయొచ్చు, శక్తితో వెల కట్టాలి. ప్రకృతి "వెళ్ళడానికి వీల్లేదు" అనదు. "ఇంత అవుతుంది" అని బిల్లు చేతిలో పెడుతుంది.

దారిలో ధూళి ప్రమాదమూ వుంది. కాంతి వేగంలో పదో వంతుతో పోతున్న ఓడకు ఒక మిల్లీగ్రాము ధూళి రేణువు తగిలితే, సుమారు 100 కిలోల టి.ఎన్.టి. పేలినంత దెబ్బ. ఇక విశ్వకిరణాలు. క్యూరియాసిటీ నౌక అంగారకుడికి పోతూ దారిలో కొలిచిన రేడియేషను రోజుకు సుమారు 1.8 మిల్లీసీవర్టులు. ఏడాదికి 650 దాటుతుంది. నలభై యేళ్ళ ప్రయాణానికి మందమైన కవచం కావాలి. కవచమంటే బరువు. బరువంటే మళ్ళీ ఎద్దులూ గడ్డీ!

తరతరాల ఓడ

వేగం దొరకనప్పుడు మిగిలిన దారి ఓపిక. 1929లోనే జె.డి. బెర్నాల్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు మనుషులు కాపురముండే పెద్ద పెద్ద గోళాలు అంతరిక్షంలో తేలుతూ, కాలక్రమంలో నక్షత్రాల దాకా పోతాయని ఊహించాడు. ఒక ఊరే కదిలి పోవడం లాంటిది. బయలుదేరినవాళ్ళు దారిలోనే పోతారు. వాళ్ళ పిల్లలు, మనుమలు, మునిమనుమలు ఓడను నడుపుతారు.

కాంతి వేగంలో నూరో వంతుతో అలాంటి ఓడ పోతే ప్రాక్సిమా చేరడానికి 424 యేళ్ళు. చార్మినార్ కట్టిన 1591లో బయలుదేరిన ఓడ 2015లో చేరుతుందన్నమాట. తరానికి 25 యేళ్ళ చొప్పున పదిహేడు తరాలు. 1591 నాటి తెలుగు కాగితం ఇస్తే మనలో ఎంతమంది తడుముకోకుండా చదవగలం? ఓడ నడిపే సూచనల పుస్తకం గతీ అంతే కావచ్చు.

అంతకాలం మూసిన డబ్బాలో ప్రాణాలు నిలబెట్టడం మనకు వచ్చునా? 1991 సెప్టెంబరులో అమెరికాలోని అరిజోనాలో బయోస్ఫియర్-2 అనే అద్దాల భవనంలో ఎనిమిది మందిని పెట్టి తలుపులు మూశారు. మూడెకరాల పైచిలుకు స్థలం. లోపల తోటలు, పొలం, చిన్న సముద్రం కూడా వున్నాయి. రెండేళ్ళు బయటివాళ్ళ సాయం లేకుండా బతకాలి. ఏడాదిన్నర లోపే గాలిలో ఆక్సిజను 21 శాతం నుంచి 14 శాతం దగ్గరికి పడిపోయింది. మట్టిలోని సూక్ష్మజీవులు ఆక్సిజను వాడుకుని బొగ్గుపులుసు వాయువు వదిలితే, దాన్ని మొక్కలకు దక్కకుండా కొత్త కాంక్రీటు గోడలు పీల్చేశాయి. చివరికి బయటినుంచి ఆక్సిజను ఎక్కించవలసి వచ్చింది. అన్నిటికన్నా గమనించదగ్గది, ఆ ఎనిమిది మందీ రెండు వర్గాలుగా చీలిపోయారు. విద్యార్థి సంఘం నడిపిన వాళ్ళెవరికీ ఇది ఆశ్చర్యం కలిగించదు!

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో 2000 నవంబరు నుంచి మనుషులు ఎడతెగకుండా వుంటున్నారు. అక్కడ నీటిలో 98 శాతం దాకా తిరిగి వాడుకోగలిగారు. గొప్ప విజయమే. అయినా ప్రతి చుట్టుకీ నూటికి రెండు వంతులు పోతుంటే 34 చుట్లకు సగం నీళ్ళు ఖాళీ. అక్కడికైతే కింద నుంచి మళ్ళీ పంపుతారు. తరతరాల ఓడకు ఎవరు పంపుతారు?

అడగనివాళ్ళ మాట

ఇప్పుడు నాకు అన్నిటికన్నా పెద్ద చిక్కుగా తోచేది చెబుతాను. ఇది ఫిజిక్సు పుస్తకంలో లేదు.

పదిహేడు తరాల్లో మొదటి తరం తన ఇష్టంతో ఎక్కింది. చివరి తరం గమ్యం చూస్తుంది. మధ్యనున్న పదిహేను తరాల సంగతేమిటి? వాళ్ళు బయలుదేరినవాళ్ళు కారు, చేరేవాళ్ళూ కారు. ఓడలోనే పుట్టి, ఓడలోనే పోతారు. ఎంతమందిని కనాలో గాలి, నీరు లెక్కచూసి ఓడ నిర్ణయిస్తుంది. నీటి శుద్ధి యంత్రం చూసేవాడు ముసలివాడైతే ఒక కుర్రవాడు ఆ పని నేర్చుకుని తీరాలి. "నాకు ఇష్టం లేదు, నేను సంగీతం చదువుతాను" అంటే ఓడ ఆగిపోతుంది. త్రిశంకు తనంత తాను కోరి మధ్యలో వేలాడాడు. వీళ్ళు కోరకుండానే వేలాడతారు.

"పుట్టే చోటు ఎవరు ఎంచుకున్నారు?" అని ఎదురు ప్రశ్న వేయొచ్చు. న్యాయమైన ప్రశ్నే. 1830ల నుంచి మన కోరంగి వంటి రేవుల మీదుగా తెలుగు కూలీలు ఓడలెక్కి మారిషస్ వెళ్ళారు. అక్కడ పుట్టిన వాళ్ళ పిల్లలనూ ఎవరూ అడగలేదు. అయినా తేడా వుంది. మారిషస్‌లో కాళ్ళ కింద నేల వుంది, తలపైన గాలి వుంది, తిరిగివచ్చే ఓడ వుంది. నచ్చని పని మానేసి ఇంకో పని వెతుక్కునే అవకాశం, కష్టంగానైనా, తర్వాతి తరానికి దొరికింది. నక్షత్రపు ఓడలో తలుపు తెరిస్తే వున్నది శూన్యం.

మనుషులను గడ్డకట్టించి పంపుదామంటారు కొందరు. అలా గడ్డకట్టించి తిరిగి లేపిన మనిషి ఇంతవరకూ ఒక్కడూ లేడు. పిండాలను పంపుదామంటారు ఇంకొందరు. ముప్ఫై యేళ్ళు శీతలీకరణలో వుంచిన పిండాల నుంచి 2022లో అమెరికాలో కవలలు పుట్టిన మాట వాస్తవమే. కాని వాళ్ళను కనడానికి తల్లి వుంది, ఎత్తుకోవడానికి చేతులున్నాయి. అక్కడ ఏ యంత్రం జోల పాడుతుంది?

ఇంతకీ చేరాక ఏముంది? ప్రాక్సిమా చుట్టూ 11 రోజులకొకసారి తిరిగే ఒక గ్రహాన్ని 2016లో కనుక్కున్నారు. దాని ద్రవ్యరాశి భూమి కన్నా తక్కువ కాదు. కాని ఆ నక్షత్రం తరచు భగ్గుమని జ్వాలలు విరజిమ్ముతుంది. అక్కడ పీల్చే గాలి వుంటుందని భరోసా లేదు.

ఏమని తేల్చాలి?

లెక్కలన్నీ కలిపి చూస్తే జవాబు మూడు భాగాలుగా తేలుతుంది. చిన్న యంత్రాన్ని నక్షత్రం దాకా పంపడం చాలా కష్టం గాని, ప్రకృతి సూత్రాలకు విరుద్ధం కాదు. ఒక వ్యక్తి తన ఆయుష్షులో వెళ్ళడానికీ అడ్డు చెప్పే సూత్రం లేదు. అయితే దానికయ్యే శక్తి మన చేతిలో లేదు. ఒక సమాజంగా తరతరాలు ప్రయాణించి చేరడం సాధ్యం కావచ్చు. కాని దానికి ముందు మూసిన చిన్న లోకంలో గాలి, నీరు చెడగొట్టుకోకుండా, వర్గాలుగా చీలి కొట్టుకోకుండా, ఎవరినీ బానిసగా చేయకుండా నాలుగు వందల యేళ్ళు బతకడం నేర్చుకోవాలి.

అందుకే "భూమి పాడైతే నక్షత్రాలకు పోదాం" అనేవారి మాట నాకు రుచించదు. ఇంత పెద్ద ఓడలో, ఇంత గాలీ నీరూ వుండగా చేతగాని కాపురం, ఆ ఇరుకు ఓడలో ఎలా చేతనవుతుంది? అది చేతనైన రోజున పారిపోవలసిన అగత్యమే వుండదు. అప్పుడు వెళితే కుతూహలం కొద్దీ వెళతాం. వెళ్ళడానికి అదే మంచి కారణం.

కాబట్టి మిత్రులారా, ఇది ఒక్క ఫిజిక్సు వాళ్ళకు వదిలేసే ప్రశ్న కాదు. సంలీనం సంగతి ఫిజిక్సు వాళ్ళు చూడాలి. మూసిన తోటలో ఆక్సిజను ఎందుకు తగ్గిందో బోటనీ, కెమిస్ట్రీ వాళ్ళు తేల్చాలి. నాలుగు వందల యేళ్ళకు నిలిచే నియమాలు ఎలా రాయాలో పొలిటికల్ సైన్సు వాళ్ళు చెప్పాలి. పదిహేడో తరానికి అర్థమయ్యే పుస్తకం ఎలా వుండాలో తెలుగు శాఖ వాళ్ళు ఆలోచించాలి. ఇక ఓడలో పుట్టబోయే పిల్లల తరఫున "మమ్మల్ని అడిగారా?" అని నిలదీసే బాధ్యత ఏ శాఖకూ ప్రత్యేకం కాదు. అది మనందరిదీ.